రెండు చెవుల నియమం

ఆ మరమ్మతు షెడ్డులో వినడానికి ఒక కర్ర ఉండేది. పొడవు అరవై రెండు సెంటీమీటర్లు, మందం చూపుడువేలంత. ముడి లేని గట్టి చెక్కను నూనెలో నానబెట్టి నునుపు చేసినది. సన్నని కొసను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, గుండ్రని కొసను చెవి వెనక ఎముకకు అదిమితే, బయటి గోల వెనక్కు తగ్గి ఇంజను లోపలి చప్పుడు పుర్రెలోకి వస్తుంది. వైద్యుడికి స్టెతస్కోపు ఎంతటిదో పాత ఇంజన్ల పనివాడికి ఆ కర్ర అంతటిది. మేస్త్రిని అడగకుండా దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు.

మగ్గమ్మ ఆ కర్రను మొదటిసారి పట్టుకునేనాటికి ఆమెకు ముప్పై ఏడేళ్లు. పని నేర్చుకోవడానికి అంత వయసులో అక్కడ అంతకుముందు ఎవరూ చేరలేదు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. మరమగ్గాల మిల్లులో పద్నాలుగేళ్లు పనిచేసి, అది మూతబడితే ఇక్కడికి వచ్చిందని తెలిసిన రోజునే అక్కడి ఫైరింజను డ్రైవరు ఆమెకు ఈ పేరు పెట్టాడు. సాయంత్రానికి అది షెడ్డంతా పాకింది.

షెడ్డు పాత వాహనాల సంగ్రహశాలకు చెందినది. అందులో పదకొండు బండ్లు ఉండేవి: మూడు బస్సులు, ఒక ట్రాము పెట్టె, ఆవిరితో నడిచే రోడ్డు రోలరు, కొన్ని కార్లు. అన్నిటికన్నా పాతది తొంభై నాలుగేళ్ల ఫైరింజను. నాలుగు సిలిండర్లు, చెక్క ఆకుల చక్రాలు, ముందు భాగాన ఇత్తడి గంట. దాన్ని అందరూ అవ్వ అనేవారు. నెలకొక ఆదివారం అవ్వ పిల్లల్ని ఎక్కించుకుని ఆవరణ చుట్టూ తిరిగేది. ఆ ఇంజను దిమ్మ, అంటే నాలుగు సిలిండర్లూ కలిపి ఒకేసారి పోత పోసిన ఇనుప ముద్ద, తయారైననాటిదే. దాన్ని పోసిన కర్మాగారం మూతబడి అరవై ఏళ్లు దాటింది. మరొకటి ఎక్కడా దొరకదు.

శిక్షణ రెండేళ్లు. చివర్లో మేస్త్రి ఒక కాగితం మీద, ఈ మనిషి బండిని సొంతంగా తనిఖీ చేయగలదని సంతకం పెట్టాలి. సంతకం పడితే షెడ్డులో శాశ్వతమైన ఉద్యోగం. పడకపోతే ఏమీ లేదు. నలభైకి దగ్గరపడిన ఆడమనిషికి చేతిపనిలో మరొకరు చోటిస్తారన్న భ్రమ మగ్గమ్మకు లేదు.

ఆమెకు చెవులు సరిగా వినపడవు. ఆ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు.

మరమగ్గాల మధ్య శబ్దం తొంభై అయిదు డెసిబెల్స్‌కు తగ్గదు. అక్కడ గొంతుతో మాట్లాడుకోవడం సాధ్యం కాదు కనుక ఆడవాళ్లు పెదవులతో మాట్లాడుకుంటారు. మగ్గమ్మ ఎనిమిది మీటర్ల అవతల ఉన్న మనిషి పెదవులు చదవగలదు. అలాంటి చోట ఏళ్ల తరబడి పనిచేసినవారికి ముందుగా పోయేది సన్నని, పదునైన శబ్దం. ఉరుము, డప్పు, తలుపు బాదిన చప్పుడు చివరిదాకా మిగులుతాయి. పక్షి కూత, గడియారం టిక్కు, మాటల్లో స, చ లాంటి హల్లులు మిగలవు. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు తిరిగి పుట్టవు. శబ్దాన్ని గాలి దారిన పంపినా, కర్రతో ఎముక దారిన పంపినా తేడా ఉండదు.

చేరేముందు వైద్య పరీక్ష జరిగింది. వైద్యుడు బల్లకు అటువైపు కూర్చుని, మామూలు గొంతుతో "ఇల్లు ఎంత దూరం? ఎలా వచ్చారు?" అని అడిగాడు. ఆమె ఆయన పెదవులు చూసి జవాబు చెప్పింది. వినికిడి అన్న గడిలో ఆయన 'సాధారణం' అని రాశాడు. కింద, వినికిడి లోపం లేదన్న వాక్యం దగ్గర ఆమె సంతకం చేసింది.

ఇంట్లో ఆమె, ఆమె అత్త ఇద్దరే. భర్త పోయి ఆరేళ్లయింది. అత్త అదే మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి పూర్తిగా చెవిటిదయింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఎంత పోట్లాడుకున్నా పక్కింటికి వినపడేది కాదు.

కొత్త పని సంగతి విన్ననాడు అత్త కుట్టుపని పక్కన పెట్టి, గొంతు లేకుండా పెదవులతోనే అడిగింది.

"కర్ర పెట్టి విని చెప్పాలా? నీకా పని? చేపను చెట్టెక్కమన్నట్టుంది."

"చేతిపని తొంభై పాళ్లు అత్తయ్యా. చెవి పని పది పాళ్లే."

"ఆ పది పాళ్లూ ఎక్కణ్ణుంచి తెస్తావే?"

"మేస్త్రిగారి మొహం చూసి."

అత్త సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మొహాలు అబద్ధం చెప్పవనుకుంటున్నావా?"

చేతిపనిలో మగ్గమ్మకు ఎవరూ వంక పెట్టలేకపోయారు. రెండువేల నాలుగువందల పోగుల మధ్య తెగిన ఒక్క పోగును వేలితో పట్టుకోవడం అలవాటైన చేయి అది. లోహం ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగినా బొటనవేలి గోరుతో చెప్పేది. కొలిచి చూస్తే సరిపోయేది. విప్పిన ప్రతి బోల్టునూ ఏ రంధ్రంలోంచి వచ్చిందో రాసి విడి సంచిలో వేసేది. పాత భాగం స్థానంలో కొత్తది పెడితే, రాబోయే తరాల వారు దాన్ని అసలుదనుకోకుండా దాని మీద ఆ ఏడాది అంకె కొట్టడం షెడ్డు ఆచారం. ఆ అంకెలు ఆమె కొట్టినంత తిన్నగా మేస్త్రి కూడా కొట్టలేదు.

మేస్త్రి మితభాషి. ఆ షెడ్డులోనే ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాడు. కర్రతో ఇంజను రోగం చెప్పడంలో ఆయనకు పేరు. రెండు చెవుల నియమం ఆయన పెట్టిందే: ఏ బండినైనా ఇద్దరు వినాలి, ఇద్దరి మాటా ఒకటైతేనే పుస్తకంలో రాయాలి.

"ముందు నేను వింటా. తర్వాత నువ్వు విను," అని మొదటి రోజే చెప్పాడు. "కానీ ముందు చెప్పాల్సింది నువ్వే. నేను ముందు చెబితే నా మాటే నీ చెవిలో మోగుతూ ఉంటది."

ఆమె దాన్ని మంచి గురువు పద్ధతి అనుకుంది. ఆయన వింటున్నంతసేపూ ఆయన మొహం చూసేది. కర్ర ఒక్కొక్క సిలిండరు మీదికి జరుగుతుంటే, ఎక్కడో ఒకచోట ఆయన ఎడమ కనుబొమ్మ కొద్దిగా ముడిపడేది, లేదా ఖాళీ అరచేయి ఇంజను మీద ఒక క్షణం ఎక్కువ నిలిచేది. తన వంతు రాగానే ఆమె కూడా అంతా విన్నట్టు నటించి, ఆ చోటు పేరే చెప్పేది. బరువైన దెబ్బ లాంటి చప్పుళ్లు ఆమెకు నిజంగానే వినపడేవి. తక్కినవి ఆయన మొహంలోంచి వచ్చేవి. ఇరవై రెండు నెలల్లో ఒక్క తనిఖీ కూడా తప్పలేదు. మేస్త్రి పదవీ విరమణకూ, ఆమె శిక్షణ ముగియడానికీ ఇంక రెండు నెలలు ఉంది.

అవ్వను నడిపే డ్రైవరు మాజీ ఫైర్‌మన్. అవ్వ ఉద్యోగంలో ఉన్న చివరి రెండేళ్లు దాన్ని మంటల దగ్గరికి నడిపినవాడు. అరవై ఆరేళ్లు. నోరు ఒక్క క్షణం ఊరుకోదు కనుక అందరూ వసపిట్ట అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆయన పలికేవాడు కూడా.

ఆ నెల తనిఖీ రోజున వసపిట్ట బండి మెట్టు మీద నిలబడి అరిచాడు. "మేస్త్రీ, అవ్వ పళ్లు కొరుకుతోందయ్యా. టిక్కు టిక్కుమంటోంది. మూడో సిలిండరు దగ్గర."

మేస్త్రి తలెత్తలేదు. "పోయిన నెల వెనక చక్రం మూలుగుతోందన్నావు. అంతకుముందు గేరుపెట్టె గురక పెడుతోందన్నావు."

"పెట్టిందయ్యా! గురకే పెట్టింది."

"నీ గురకే నీకు వినపడి ఉంటది."

రంగులు వేసేవాడు అవతలి నుంచి నవ్వాడు. వసపిట్ట మగ్గమ్మ వైపు తిరిగాడు. "అమ్మడూ, నువ్వైనా చూడు. లేత చెవులు నీవి. మేస్త్రికి చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది."

"నాన్నా పులి కథ తెలుసా బాబాయ్?" అన్నాడు రంగులు వేసేవాడు.

"తెలుసురా. ఆ కథలో చివరికి పులి వస్తది."

మేస్త్రి కర్ర తీసుకుని విన్నాడు. మొదటి సిలిండరు, రెండు, మూడు, నాలుగు. కనుబొమ్మ కదలలేదు. అరచేయి ఎక్కడా ఆగలేదు. కర్ర మగ్గమ్మ చేతికిచ్చాడు.

మూడో సిలిండరు మీద ఆమె కర్రను ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉంచింది. లోపల బరువైన లయ ఒకటి సమంగా నడుస్తోంది. దాని మీద మరేదైనా ఉందో లేదో తెలుసుకునే సాధనం ఆమె దగ్గర లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వసపిట్ట పెదవులు 'మూడో సిలిండరు' అని మళ్లీ అన్నాయి. ఒకసారి విప్పి చూద్దామని ఆమె అనవచ్చు. ఏం విని అలా అన్నావని మేస్త్రి అడుగుతాడు. ఏమీ వినలేదని చెప్పాలి; లేదా విన్నట్టు అబద్ధం చెప్పాలి, విప్పాక అక్కడ ఏమీ లేకపోతే, సంతకానికి రెండు నెలల ముందు గురువు దగ్గర మాట పోతుంది. ఆమె ఇవన్నీ ఆలోచించింది. అంత ఆలోచించడానికి ఆమెకు సమయం ఉండింది.

"శుభ్రంగా ఉంది మేస్త్రిగారూ," అంది.

"ఊఁ," అన్నాడు మేస్త్రి. పుస్తకంలో తేదీ వేసి, 'అసాధారణ శబ్దం లేదు. ఇద్దరు విన్నారు' అని రాశాడు.

ఇరవై రెండు రోజుల తర్వాత, ఆదివారం ఉదయం పదకొండు దాటాక, పన్నెండు మంది పిల్లలతో అవ్వ ఆవరణ వెనక ఏటవాలు దారి ఎక్కుతుండగా తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఇంజను కింద నుంచి నీళ్లూ నూనే కలిసి కారాయి. బండి కుదుపుతో ఆగింది. ఒక పిల్లవాడి మొహం ఇత్తడి కమ్మీకి కొట్టుకుని పై పళ్లు రెండు ఊడాయి. వసపిట్ట వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తుతూ, జీవితంలో మొదటిసారి నోట మాట లేకుండా ఉన్నాడని చూసినవాళ్లు చెప్పారు.

ఇంజను విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. జరిగినది స్పష్టంగా కనిపించింది. సిలిండరులో కిందికీ పైకీ ఆడే పిస్టనును దాని కడ్డీకి కలిపే ఉక్కు పిన్ను ఒకటి ఉంటుంది. అది పక్కకు జరగకుండా రెండు కొసల్లోనూ సన్నని లాకు రింగులు ఉంటాయి. మూడో సిలిండరులో ఒక రింగు వదులై గాడిలోంచి బయటికి వచ్చింది. పిన్ను పక్కకు జరిగి సిలిండరు గోడను గీకుతూ వచ్చింది. చివరికి రింగు విరిగి, ముక్క పిస్టనుకూ గోడకూ మధ్య ఇరుక్కుంది. గోడ పగిలింది. పగులు పొడవు పంతొమ్మిది సెంటీమీటర్లు, ఇంజన్ను చల్లబరిచే నీటి గది దాకా. అంత పాత పోత ఇనుముకు అతుకు వేసినా మొదటి వేడికే పక్కన మరో చోట పగులుతుంది. మేస్త్రి పగులు మీద వేలు పెట్టి ఒక కొస నుంచి మరో కొసకు పోనిచ్చాడు. అవ్వ ఇక నడవదన్న మాట ఎవరూ పైకి అనలేదు.

సంగ్రహశాల అధికారిణి అన్నీ కాగితాల మీద చూసే మనిషి. కాగితాల ప్రకారం ప్రమాదానికి మూడు వారాల ముందు ఇంజను నిర్దోషంగా ఉంది. ఏటవాలు దారి మీద డ్రైవరు ఇంజన్ను అతివేగంగా తిప్పాడని, పిల్లలు కేకలు వేస్తుంటే ఇంకా పెంచాడని ఇద్దరు సాక్షులు రాసిచ్చారు. విచారణ తర్వాతి గురువారానికి పెట్టారు. అప్పటిదాకా వసపిట్ట ఆవరణలో అడుగు పెట్టకూడదు. నేరం రుజువైతే ఎప్పటికీ పెట్టకూడదు, పిల్లవాడి గాయానికి బాధ్యత కూడా ఆయనదే.

బుధవారం మధ్యాహ్నం మగ్గమ్మ ఒక్కతే ఆ సిలిండరు ముందు కూర్చుంది. పిన్ను గీసిన గాడిలో గోరు పెట్టింది. పై భాగంలో గాడి తాజాది, తెల్లగా మెరుస్తోంది. కింది భాగంలో అలా లేదు. భూతద్దంతో చూసింది. అక్కడ గాడి అంచులు నునుపుదేరి, అడుగున మాడిన నూనె గోధుమరంగు పొరగా గట్టిపడి ఉంది. ఆ పొర పట్టాలంటే ఇంజను ఎన్నో గంటలు నడవాలి. పుస్తకం తెరిచి చూసింది. తనిఖీ తర్వాత అవ్వ నడిచింది మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు.

అంటే తనిఖీ నాటికే పిన్ను గోడను గీకుతోంది. వసపిట్ట విన్నది నిజం. ఏటవాలు దారికీ దీనికీ సంబంధం లేదు.

ఆమె మేస్త్రిని పిలిచి భూతద్దం ఇచ్చింది. ఆయన తీసుకోలేదు.

"చూశాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"విప్పిన రోజే."

ఆమెకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక, తన సంగతి తాను చెప్పేయడమే దారి అనుకుంది. "మేస్త్రిగారూ, తప్పు నాది. నాకు సన్న చప్పుళ్లు వినపడవు. మగ్గాల దగ్గరే పోయాయి. ఇన్నాళ్లూ మీ మొహం చూసి చెప్పాను. ఆ రోజు మీ మొహంలో ఏమీ లేదు. అందుకని శుభ్రంగా ఉందన్నాను."

మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. చేతులకు అప్పటికి మురికేమీ లేదు.

"నా మొహం చూసి చెప్పావా?" అన్నాడు.

"అవును."

"మరి నేను నీ మొహం చూస్తుంటినే."

ఆమె భూతద్దం కింద పెట్టింది.

"నాలుగేళ్లయింది అమ్మాయ్. మనవరాలికి జ్వరమొస్తే థర్మామీటరు పెట్టాను. ఎంతసేపటికీ మోగదే! పాడైందని పారేశాను. కొత్తది తెస్తే అదీ మోగలేదు. పిల్లే అంది, తాతయ్యా, మోగి ఎంతసేపైందో అని." ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "అరచేత్తో అదురు చూసేవాణ్ణి. పొగ రంగు చూసేవాణ్ణి. ముప్పై ఏళ్ల అనుభవం ఉంది కదా, సగం అదే చెప్పేది. నువ్వు చేరాక, వయసులో ఉంది, చెవులు బాగుంటాయిలే అనుకున్నా. నిన్ను ముందు చెప్పమన్నది అందుకే."

ఆ రోజు అదురు లేదు, పొగ లేదు. ఉన్నదల్లా ఒక సన్నని టిక్కు. దాన్ని వినగలిగిన మనిషి మెట్టు మీద నిలబడి మూడుసార్లు చెప్పాడు. కర్ర పట్టుకున్న ఇద్దరూ ఒకరి మొహంలో ఒకరు వెతుక్కుని, ఏమీ లేదని పుస్తకంలో రాసుకున్నారు.

"గుడ్డోడి చెయ్యి గుడ్డోడు పట్టుకున్నట్టయింది," అన్నాడు మేస్త్రి.

"రేపు చెప్పేద్దాం మేస్త్రిగారూ. ఇద్దరం."

ఆయన తలుపు వైపు చూశాడు. "ఇంక నెల రోజులే అమ్మాయ్. నేను పోతా, నీకు సంతకం పెట్టి పోతా. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. అడిగినదానికి చెప్పు. ఆ గాడి సంగతి అక్కడ అడిగేవాడు లేడు."

"మరి బాబాయ్?"

"వాడికి అరవై ఆరు. ఎన్నాళ్లు నడుపుతాడు? పైగా నడపడానికి బండేదీ?"

లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. ఆమె షెడ్డులో తన బట్టల గూటి దగ్గరికి వెళ్లి పనిబట్టలు మార్చుకుంది. ఇంటికెళ్లి అత్తకు మొత్తం చెప్పింది. అత్త ఏ సలహా ఇవ్వలేదు. "మిల్లులో ఒకసారి నా పక్క మగ్గం మీద పనిచేసేదాని వేలు తెగింది," అని మాత్రం పెదవులతో అంది. "అది కేక వేసిందట. నేను ఎదురుగానే ఉన్నా. అది అటు తిరిగి ఉంది."

విచారణ గదిలో అయిదుగురు ఉన్నారు: అధికారిణి, రాసుకునే గుమాస్తా, మేస్త్రి, మగ్గమ్మ, వసపిట్ట. వసపిట్ట ఇస్త్రీ చేసిన పాత ఫైర్‌మన్ చొక్కా తొడుక్కుని వచ్చాడు. మెడ దగ్గర బొత్తాం పట్టడం లేదు.

"తనిఖీలో ఏ లోపమూ లేదు. మీరు మాత్రం శబ్దం ఉందని ముందే చెప్పానంటున్నారు," అంది అధికారిణి.

"చెప్పానండీ. చెవినిల్లు కట్టుకుని చెప్పాను. అందరూ శాకాహారులేనట. మరి బుట్టలో రొయ్యలేమైనట్టు మేడమ్?"

"అడిగినదానికి జవాబు చెప్పండి. వేగం పెంచారా లేదా?"

"ఎత్తు ఎక్కేటప్పుడు పెంచకపోతే బండి వెనక్కెళ్తది. వెనక స్కూలు పిల్లలు నడుస్తున్నారు."

గుమాస్తా 'పెంచారు' అని రాసుకున్నాడు. మగ్గమ్మ ఆ కలం కదలికను చూసి లేచి నిలబడింది.

ఆమె ముందు గాడి సంగతి చెప్పింది. రంగు, లోతు, అంచులు, మాడిన నూనె పొర, ముప్పై ఎనిమిది నిమిషాలు. చెప్పిన వరుసలో ఎక్కడా తడబడలేదు. అధికారిణి లేచి షెడ్డుకు వచ్చి భూతద్దంలో తానే చూసింది. అందరూ తిరిగి గదిలోకి వచ్చి కూర్చున్నారు.

"అంటే తనిఖీ రోజునే ఆ శబ్దం ఉండాలి," అంది అధికారిణి. "మరి విన్నది ఎవరు?"

"నేను. నాకు వినపడలేదు మేడమ్. సన్న శబ్దాలు నాకు వినపడవు. చేరకముందు నుంచే."

"నాతో బాగానే మాట్లాడుతున్నారు కదా?"

"మీ పెదవులు చూసి."

అధికారిణి బల్ల మీది ఫైలు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. ఊపిరికి ఫైలు అంచు కొద్దిగా కదలడం మగ్గమ్మకు కనిపించింది. గుమాస్తా మగ్గమ్మ మొహంలోకి చూసి, వెంటనే కళ్లు దించుకున్నాడు. ఫైలు కిందికి దిగింది.

"నేనేమన్నాను?"

"మాట్లాడారని తెలిసింది. ఏమన్నారో తెలియలేదు."

వసపిట్ట కుర్చీలో ముందుకు వంగి మగ్గమ్మ వైపు చూశాడు.

అధికారిణి మేస్త్రి వైపు తిరిగింది. "పుస్తకంలో 'ఇద్దరు విన్నారు' అని ఉంది. మీ సంగతేమిటి?"

మేస్త్రి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆయన చూపు అధికారిణి పెదవుల మీద ఉంది. మగ్గమ్మకు అది తెలిసిన చూపు.

"నేను అమ్మాయి మాట నమ్మానండీ," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. గుమాస్తా రాసుకున్నాడు.

"మీరు ఇంకేమైనా చెప్పాలా?" అని అధికారిణి మగ్గమ్మను అడిగింది.

మేస్త్రి ఆమె వైపు చూడలేదు. ఆయన చెవి వెనక నరం ఒకటి కొట్టుకుంటోంది. డ్రైవరు మీది ఆరోపణ అప్పటికే తేలిపోయింది. ఇక ఆమె నోరు విప్పితే ఆయన ముప్పై ఏళ్లలో కర్ర పెట్టి రాసిన ప్రతి పేజీ అబద్ధమై కూర్చుంటుంది. విప్పకపోతే ఆ ఒక్క పేజీలోని తప్పు ఆమె ఒక్కదానిదే అవుతుంది.

"లేదు మేడమ్," అంది.

ఉత్తర్వు తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. డ్రైవరు నిర్దోషి. వైద్య పత్రంలో తప్పుడు వాక్యం కింద సంతకం చేసినందుకు ఆమె శిక్షణ రద్దు. గూడు ఖాళీ చేసేటప్పుడు మేస్త్రి షెడ్డులో లేడు. పంటి నొప్పి అని సెలవు పెట్టాడట. ఇరవై రోజుల తర్వాత ఆయన పదవీ విరమణ సభలో, ఇంజను మనసు వినగల చెవి అని అధికారిణి పొగిడిందని రంగులు వేసేవాడు దారిలో కనిపించి చెప్పాడు. అవ్వను కడిగి, మూత బిగించి, సంగ్రహశాల హాలులో చుట్టూ తాడు కట్టి నిలబెట్టారు.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం వసపిట్ట మగ్గమ్మ ఇంటికి వచ్చాడు. మగ్గమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"దండం పెట్టిపోదామని వచ్చాననుకున్నావేమో. కాదు. తిట్టిపోదామని వచ్చా," అన్నాడు. "నన్ను వదిలేశారు సరే. దేనికి? ఆ తాడు అవతల నిలబడి చూడ్డానికా? ఆ రోజు ఒక్క మాట, ఒక్క మాట అన్నావు కాదే అమ్మడూ. విప్పి చూద్దామని. అరపూట పని. మేడమ్ ముందు అన్నావే, ఆ నోటితోనే."

"అనాల్సింది బాబాయ్."

"నీకు వినపడదు. సరే. మేస్త్రికేమైంది? అంతటి చెవి ఆయనది! ఆయనకెలా తప్పింది?"

ఆమె నేల వైపు చూసింది. చూపు దించితే ఆయన పెదవులు కనపడవు కనుక, ఆయన తర్వాత ఏమన్నాడో ఆమెకు తెలియలేదు. తలెత్తేసరికి ఆయన కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. చొక్కా మీద ఇంకా బండి నూనె మరక ఉంది.

"ఎలా ఉండింది బాబాయ్?" అని అడిగింది. "ఆ చప్పుడు?"

ఆయన లేచాడు. చుట్టూ చూశాడు. మూల కూర్చుని కుడుతున్న అత్త దగ్గరికి వెళ్లి చేయి చాపాడు. అత్త అర్థం చేసుకుని దారం తెంపి సూది ఇచ్చింది. ఆయన బల్ల మీది స్టీలు పళ్లెం తీసుకుని, మగ్గమ్మ చెవికి జానెడు దూరాన పట్టుకుని, సూది మొనతో అంచు మీద కొట్టాడు. టకటకా కాదు, ఇంజను నిదానంగా తిరిగినప్పటి లయలో, మెల్లగా, ఆగి ఆగి.

ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత తెరిచి చూసింది. సూది పళ్లాన్ని తాకుతూనే ఉంది.

"ఇదిగో, ఇంతే," అన్నాడు. "ఇంతకన్నా పెద్దదేం కాదు. విన్నావా?"

"లేదు బాబాయ్," అంది. "వినపడలేదు."

ఆయన పళ్లాన్ని ఇంకొంచెం దగ్గరికి తెచ్చి, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.